ముంతెడు చన్నీళ్లు

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే దోనె కదులుతుంది. మంచం మీద పడుకున్నానని ఒంటికి తెలుసు, కానీ నడుము కింద మాత్రం నీళ్లే. అటూ ఇటూ మనిషెత్తు కిక్కిస గడ్డి, మధ్యన సన్నటి దారి, పైన ఆకాశం, కింద మళ్లీ అదే ఆకాశం. ముందు కూర్చున్నది నేను, ఒళ్లో మందుల పెట్టె, వెనక నిలబడి గెడ వేస్తున్న మనిషి. అతను పలకడు, నేనూ పలకను. నేను పలకకుండా కూర్చున్నానంటే అది కలేనని గుర్తు. మెలకువలో నా నోరు ఊరుకునే రకం కాదు.

పందొమ్మిది వందల ముప్పైల నాటి మాట ఇది. పురుళ్లు పోసే నర్సుగా ట్రైనింగు అయ్యి వచ్చాక జిల్లా బోర్డు వారు నన్ను కొల్లేటి లంకలకు వేశారు. మాది తాడేపల్లిగూడెం, నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. మా వారు ఏలూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. కాపురానికి వచ్చాక పిల్లలు కలగక, ఇంట్లో పొద్దుపోక, ఆయన ప్రాణం తోడేసి మరీ ఆ ట్రైనింగుకి వెళ్లాను. పంతులుగారి కూతురు మంత్రసాని పనికి పోతుందటమ్మా అని గూడెంలో మా వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. మా వారు మాత్రం, “వెళ్లనివ్వండి మావగారూ, ఇంట్లో ఉంటే ఆ ఉపన్యాసాలన్నీ నేనొక్కణ్ణే వినాలి” అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి జన్మంతా రుణపడ్డాను.

గూడెం వెళ్లినప్పుడల్లా అమ్మ నన్ను దొడ్డిదారిన రమ్మనేది. లంకల్లో తిరిగిన ఒంటితో వీధి గుమ్మం తొక్కకూడదు. నూతి దగ్గర కాగులో నీళ్లు కాగుతూ ఉండేవి, పిడకల పొగ అరిటాకుల మధ్య నుంచి మెల్లగా పైకి పోయేది. ఓసారి తొందరలో నేను ఆ కాగులోంచే నేరుగా చెంబు ముంచుకోబోతే అమ్మ చెయ్యి పట్టుకు లాగేసింది. “పొయ్యి మీంచి దించిన నీళ్లు ఒట్టివి ఒంటికి తగలనిస్తావుటే? శవానికి పోస్తారే అలాగ! చెంబెడు చన్నీళ్లు పడాలి” అని తనే పోసి, చేత్తో కలిపి, అప్పుడు నా నెత్తిన కుమ్మరించింది. చిన్నప్పటి నుంచీ రోజూ చూసిందే, కొత్తేమీ కాదు. ఆ వెచ్చటి నీళ్లు వీపు మీంచి జారుతుంటే లంకలూ, చేపల వాసనా, బురదా అన్నీ ఎక్కడో చాలా దూరాన ఉన్నట్టుండేది.

వారానికి మూడు రోజులు నా డ్యూటీ. ఏలూరు నుంచి తెల్లవారుజామునే ఒంటెద్దు బండి, కొల్లేటి ఒడ్డుకు చేరేసరికి మంచు ఇంకా విడిచేది కాదు. ఆ తెల్లటి దానిలోంచి దోనె ముక్కు ముందు కనపడేది, తర్వాత మనిషి. ఆ దోనె మనిషి లంకలోని మంత్రసాని కొడుకు. నన్ను చూడగానే తలగుడ్డ తీసి, “ఎక్కండమ్మగారూ, గాలి లేదు, మెత్తగా పోతాం” అనేవాడు. పోతూ ఉంటే గూడబాతులు బరువుగా లేచి, కాస్త దూరం పోయి మళ్లీ వాలేవి. ఎన్నిసార్లు ఆ దోనెలో కునుకు తీశానో! లేచేసరికి లంక వచ్చి ఉండేది. పిల్లలు ఒడ్డున నిలబడి, “పెట్టెమ్మ వచ్చింది, పెట్టెమ్మ వచ్చింది” అని కేకలు.

ఆ లంకలో నా మాట ఎవరికీ చెవికెక్కేది కాదు. ఎక్కదు మరి. అక్కడ ముసలి మంత్రసాని మాటే మాట. లంకలో ఉన్న మనుషుల్లో ముప్పాతిక మంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్లే. సన్నగా, నల్లగా, చెవులకి బరువైన కమ్మలతో, ఎప్పుడూ ఏదో ఒక వల ముడేస్తూ కూర్చునేది. మామ్మా అని పిలిచేదాన్ని, నువ్వు అనేదాన్ని. ఆవిడ మాత్రం మనవరాలి వయసున్న నన్ను అమ్మగారూ, మీరు అనేది. ఆ రోజుల్లో అలాగే ఉండేది, నాకు అది తప్పుగా కూడా తోచలేదు.

ఆవిడ కోడలు, అంటే మా దోనె మనిషి పెళ్లాం, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. అప్పటికే ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది. ఒకడు ఏడో రోజున, ఒకడు తొమ్మిదో రోజున. దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక, విల్లులా వంగిపోయి పోయారు. ఏ దిష్టో, ఏ గాలో అనుకున్నారు. అడిగితే తెలిసింది, బొడ్డు కోసేది కిక్కిస పుల్ల చీల్చి దానితోనట, కోసిన చోట అద్దేది పొయ్యిలో బూడిదట. నాకు ఒళ్లు మండిపోయింది. నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. “దిష్టీ లేదు, దెయ్యమూ లేదు. నీ పుల్లే చంపింది మామ్మా నీ మనవల్ని” అనేశాను.

ఆవిడ చేతిలో వల పక్కన పెట్టి లోపలికి పోయింది. మూడు వారాలు నాకు కనపడలేదు. మా దోనె మనిషి కూడా గెడ వేస్తూ నా వైపు చూసేవాడు కాదు. నిజమే చెప్పానుగా, నాదేం తప్పు అని మా వారితో వాదించాను. ఆయన పేపరు మడిచి, “నిజమేనే, కానీ నువ్వు దాన్ని ఆవిడ నెత్తిన వేసి కొట్టావు” అన్నారు.

నాలుగో వారం ఆవిడే ఒడ్డుకు వచ్చి నిలబడింది. కోడలికి మళ్లీ నెల తప్పింది. “మీరు సెప్పింది ఆలోసించేనండి. నా సేతుల్తో లంకంతా నిలబడింది, నా ఇల్లు నిలబడలేదు. ఈ మూడోది నిలవాలండి. మీరేం సెప్తే అది సేత్తాను” అంది. అప్పుడు ఆ కళ్లలోకి చూడలేకపోయాను. నిలబెడదాం మామ్మా, నాది పూచీ అన్నాను. పూచీ! ఆ మాట అనడానికి నేనెవరిని?

అక్కణ్ణుంచి పని నల్లేరు మీద బండిలా సాగింది. నేను ఆవిడకొక్కదానికి చెబితే చాలు, ఆవిడ లంకంతటికీ చెప్పేది. కత్తెర ఉడకబెట్టడం నేర్చుకుంది. బూడిద మానేసింది. కిక్కిస పుల్లలన్నీ పోగేసి తనే పొయ్యిలో పెట్టింది. ఇక మిగిలింది తాగే నీళ్లు. కొల్లేరు ఎండల్లో ఇంకిపోతుంది. గేదెలు దిగేదీ, బట్టలు ఉతికేదీ, మనుషులు తాగేదీ ఆ మోకాలి లోతు నీళ్లే. ఏటా ఆ రోజుల్లోనే కలరా పడుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఇంకేవీ కోడలి నోట్లో పడకూడదని చెప్పాను.

కాచడం ఎలాగో ఆవిడ ఇంట్లోనే, ఆవిడ పొయ్యి మీదే చూపించాను. ఆ వేళ ఇంట్లో మేమిద్దరమే. కోడలు పుట్టింటికి వెళ్లింది. నీళ్లు కుతకుతలాడాక వంద లెక్కపెట్టాలన్నాను. ఆవిడకి వంద రాదు, చేపలు లెక్కపెట్టినట్టు అయిదేసి అయిదేసి వేళ్లు మడుచుకుంది. ఆ పొగలో, ఎండుగడ్డి మంట వెలుగులో, ఆవిడ పెదాలు కదలడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఈలోగా బయటి నుంచి కొడుకు, గాలి లేస్తోందండీ, త్వరగా రండి అని కేకేశాడు. రుచి చూడు మామ్మా అన్నాను. కాలిపోతున్నాయండి అంది. నేనే గబగబా చల్లబరిచి ముంత చేతికిచ్చాను. తాగి, “బానే ఉన్నాయండి, పచ్చి నీళ్లలాగే ఉన్నాయి” అంది. సంతోషంతో దోనె ఎక్కాను.

ఆ ఎండాకాలం ఏలూరు చుట్టూ కలరా అన్నారు. పెదపాడు వైపు కూడా పడిందన్నారు. నేను మాత్రం నిశ్చింతగా ఉన్నాను. లంకలో ఏ ఇంటికి వెళ్లినా పొయ్యి మీద కుండ ఉండేది. ముసలావిడ కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరైనా కాచకపోతే తిట్ల దండకం ఎత్తుకునేది. కోడలికి ఏడో నెల నిండింది. ఆ పిల్ల అరుగు మీద కాళ్లు చాపుకు కూర్చుని, నేను పొట్ట మీద చెయ్యి వేస్తే, “తన్నుతున్నాడండి, మా నాన్న తన్నుతున్నాడు” అని సిగ్గుపడుతూ నవ్వేది. నా ఒంట్లోనే ఏదో కదిలినట్టుండేది. పిల్లలు లేనిదాన్ని కదా.

ఒక మంగళవారం ఒడ్డున దోనె ఉంది గానీ, మనిషి తలగుడ్డ తీయలేదు. ఎక్కండమ్మగారూ అనలేదు. “నా పెళ్లాం పడిపోయిందండి, నిన్న మజ్జానం నుంచి” అన్నాడు. ఆ రోజు దారి నాకు అస్సలు గుర్తు లేదు. పక్షులు లేచాయో లేదో, గడ్డి ఉందో లేదో. నీళ్ల మీద దోనె కదలకుండా ఆగిపోయినట్టూ, లంకే మా వైపు నెమ్మదిగా వస్తున్నట్టూ అనిపించింది.

కళ్లు లోపలికి పోయి, వేళ్ల చివర్లు ముడతలు పడి, గొంతు లేకుండా పడి ఉంది. కలరా. ఇంకో మూడు నాలుగు ఇళ్లలో కూడా పడిందన్నారు. వాంతులూ విరేచనాలూ అవుతుంటే నీళ్లు తాగనివ్వకూడదని లంకంతా నమ్మేది, ముసలావిడ మాత్రం నేను చెప్పినట్టే నీళ్లు పట్టిస్తూనే ఉంది. నేను పెట్టెలోని స్టవ్వు అక్కడే వెలిగించి, నేనే నీళ్లు కాచి, ఉప్పేసి, గంజి వార్చి, గుక్కెడు గుక్కెడు పోశాను. దోనె మనిషి ఏలూరు పరుగెత్తాడు. సాయంత్రానికి డాక్టరుగారు వచ్చి సెలైన్ ఎక్కించారు. మూడో రోజుకి పిల్ల కళ్లు తెరిచింది. బతికింది. కడుపులోవాడు మాత్రం కదలడం మానేశాడు. నాలుగో రోజు పొద్దున్న నా చేతుల్లోకే వచ్చాడు. మగపిల్లాడు, తల నిండా జుట్టు. ఉడకబెట్టిన కత్తెరతోనే బొడ్డు కోశాను. ఏం లాభం?

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకెప్పుడూ అంతే. ముసలావిడని వెనక వంటపాకలోకి లాక్కెళ్లి, “కాచలేదు కదూ? చెప్పు! నేను చూసినప్పుడు పొయ్యి మీద కుండ, లేనప్పుడు పచ్చినీళ్లు! అబద్ధాలాడి ఆ పిల్ల కడుపు కోశావు కదూ?” అని అరిచాను. ఆవిడ నా మొహం వంక వెర్రిగా చూసింది. “ఒట్టండి, కాసేను. ప్రతి పూటా కాసేను. సూడండి” అని పొయ్యి రాజేసింది. కుండ పెట్టింది. నీళ్లు మరిగాయి. అయిదేసి అయిదేసి వేళ్లు మడిచింది, ఒక్కటి తప్పలేదు. దింపింది. అప్పుడు మూల ఉన్న కొల్లేటి నీళ్ల కుండలో ముంత ముంచి, ఆ పచ్చినీళ్లు తెచ్చి కాగిన నీళ్లలో పోసి, చేత్తో మెల్లగా కలిపింది.

“ఇదేమిటి?” అన్నాను.

“సన్నీళ్లు పొయ్యాలి కదండీ. మీరూ పోసేరు కదండీ ఆవేళ. ముంతెడు. నేనూ ముంతెడే పోసేను, ఎక్కువ ముట్టలేదు” అంది.

గాలి లేస్తోందని కొడుకు కేకేసిన ఆ సాయంత్రం, నేను చల్లబరిచి ఇచ్చాను. ఎలా చల్లబరిచాను? నా కుడిచెయ్యి పక్క కుండలో ముంత ముంచడం, పోయడం, వేళ్లతో కలపడం, అంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది. ఏడాది పాటు పుస్తకాలు చదివి, పరీక్ష రాసి, రోగాల పురుగులు ఇలా ఉంటాయని మైక్రోస్కోపు అద్దం కింద చూసి వచ్చిన చెయ్యి అది. దానికి ఆ చదువేదీ ఎక్కలేదు. గూడెంలో నూతి దగ్గర అమ్మ నేర్పిందే గుర్తుంది. ముసలావిడ దాన్ని పొల్లు పోకుండా నేర్చుకుని లంకంతా నేర్పింది.

నా మొహం చూసి ఆవిడకి అంతా అర్థమైంది. నేనొక్క ముక్క చెప్పలేదు. ఆవిడ ఆ కుండ వంక చూసింది, నా చెయ్యి వంక చూసింది. పొయ్యి దగ్గర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఊగింది.

బయట జనం పోగయ్యారు. కాచిన నీళ్లు తాగినా రోగం వచ్చిందే, ఇంక ఎందుకీ కట్టెలు తగలెయ్యడం, ఆ పెట్టెమ్మ మాటలు విని చెడిపోయాం అని ఆడవాళ్లు కేకలేస్తున్నారు. నేను చెప్పేద్దామనే లేచాను. నిజంగానే లేచానండీ. ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఆ పుల్ల సంగతి మీరు నా మొహాన్నే సెప్పేరు. మంచిదే సేసేరు. ఇది మాత్రం సెప్పకండి. నా మాట పోతే ఒక ముసల్ది పోద్దండి. మీ మాట పోతే కత్తెర పోద్ది, కాసిన నీళ్లు పోతాయి, రేపు పుట్టే బిడ్డలు పోతారు.”

అని తనే గుమ్మం దాటి వెళ్లింది. కొడుకు వింటున్నాడు. లోపల చాప మీద కోడలు వింటోంది. “అమ్మగారు సరిగ్గానే సెప్పేరే. నేనే ముసలి బుర్రతో పచ్చినీళ్లు కలిపి మీ అందరికీ నేర్పేను. తప్పు నాది” అంది, అందరికీ వినపడేలా. నేను వంటపాక గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎండ చాలా తెల్లగా ఉంది. ఒక్క అడుగు వేస్తే బయట ఉండేదాన్ని. వెయ్యలేదు. పైగా ఆవిడ ఆపినందుకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది కూడా. సిగ్గులేని దాన్ని.

తర్వాత మార్గం కూడా ఆవిడే చెప్పింది. చన్నీళ్లు కలపకుండా ఉండమంటే ఈ లంకలో ఎవరూ ఉండలేరండి, చేతులు ఊరుకోవు, కాబట్టి నిన్న కాచిన నీళ్లు ఒక కుండలో మూసి ఉంచి, ఇవాళ్టి వాటిలో అవే పోద్దాం అంది. ఏ పుస్తకంలోనూ లేదు అది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లో రెండు కుండలు, నిన్నటిదీ, ఇవాళ్టిదీ. మరుసటేడు కలరా ఆ చుట్టుపక్కలకి వచ్చింది గానీ, ఆ లంకలో ఎవరినీ తీసుకుపోలేదు. కోడలికి మళ్లీ కాన్పు వచ్చింది, ఈసారి ఆడపిల్ల. ఏడో రోజు దాటింది, తొమ్మిదో రోజు దాటింది. పాలు తాగింది, ఏడ్చింది, నిలబడింది.

బోర్డు వారు మెచ్చుకున్నారు. మిగతా లంకల్లో కూడా చెప్పమన్నారు. చెప్పాను. “ఒక ఊళ్లో ఒక మామ్మ ఉండేది, కాచిన నీళ్లలో పచ్చినీళ్లు కలిపేది, ఏమైందో తెలుసా?” అని కథలా మొదలుపెడితే అందరూ నోళ్లు తెరుచుకుని వినేవారు. ఎంత బాగా చెప్పేదాన్నో! దోనెలో ఒక లంక నుంచి ఇంకో లంకకి పోతూ, నీళ్ల మీద నా గొంతే నాకు వెనక్కి వినిపించేది. గెడ వేస్తున్న ఆ కొడుకు అన్నీ విని, తల వంచుకునేవాడు.

కోడలు అత్తని తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఇంట్లో నీళ్ల కుండల్ని మాత్రం మళ్లీ ఆవిడని ముట్టుకోనివ్వలేదు. అంతే. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్లాను. కోడలు వలలు ఆరబెట్టడానికి ఒడ్డుకు పోయింది. పసిది చాప మీద నిద్రపోతోంది. ముసలావిడ గోడకి జేరబడి కూర్చుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుండలు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాయి.

“ఓ ముంత నీళ్లు ముంచి ఇవ్వండమ్మా. నేను ముట్టుకుంటే కోడలికి బెంగ” అంది.

లంకంతటినీ ఈ లోకంలోకి తెచ్చిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వంక చూసి నవ్వింది. నేను నిన్నటి కుండలోంచి ముంచి ఇచ్చాను. “తాగండి” అన్నాను. ఆవిడని మీరు అనడం అదే మొదలు. ఆవిడ తాగింది. కోడలు వచ్చింది. అప్పుడైనా చెప్పానా? లేదు. ఆ చలికాలంలోనే ముసలావిడ పోయింది.

ఆ చాప మీద పడుకున్న పసిదానికి ఇప్పుడు మనవలే ఉండి ఉంటారు. వాళ్ల ఇంట్లో ఆ కథ ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు, నాకు తెలుసు, అందరికీ నేర్పింది నేనేగా. తల్లీ, నువ్వెక్కడున్నా సరే, విను. మీ నాయనమ్మ ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ముంతెడు నీళ్లు పోసింది నేను.